మోకాలెత్తు చలి

"గోడలన్నీ నింపేశామని సంతకం పెట్టి వెళ్ళిపోయారు. మరి మా అమ్మమ్మకి ఆ వణుకేంటండీ?"

గుమ్మానికి అడ్డంగా నిలబడి హేమశ్రీ ఈ ప్రశ్న వేసింది. శ్రీవత్స బూట్లు విప్పాలో వద్దో తేల్చుకోలేక మెట్టు మీదే ఆగిపోయాడు. జూలై నెల, న్యూజిలాండ్‌లో నడి చలికాలం. హామిల్టన్ నగరమంతా పొగమంచులో మునిగి ఉంది. అతని కనురెప్పల మీద కూడా మంచు బిందువులు నిలిచాయి. ఆమె వాటిని గమనించింది. గమనించినందుకు తన మీద తనకే కోపం వచ్చి, గొంతు మరికొంత పెంచింది.

"పది రోజులైంది. హీటర్ ఆపితే ఒట్టు!"

"మేడమ్, ఇది డెబ్భై ఏళ్ళ చెక్క ఇల్లు. కొంచెం టైమ్..."

"ఇల్లు ముసలిదని నాకు తెలుసు. కొన్నది నేనే."

పది రోజుల క్రితం శ్రీవత్స బృందం ఆ ఇంటి బయటి చెక్కలకు వరసగా రంధ్రాలు చేసి, గొట్టంతో గోడల లోపలికి దూదిపింజల వంటి ఉన్నిని ఊది, రంధ్రాలను మూసి, రంగు వేసి వెళ్ళింది. చలి లోపలికి రాకుండా, వెచ్చదనం బయటికి పోకుండా ఆ ఉన్ని కాపాడాలి.

"ఎవరే అది? తెలుగులో పోట్లాడుతున్నావు?" లోపలి నుంచి కామేశ్వరమ్మ అడిగింది.

"గోడల అతను, అమ్మమ్మా."

"తెలుగువాడా! మొన్న మాస్కులో ఎవరో అనుకున్నాను. బయట నిలబెట్టి అడుగుతావేం? కూర్చోబెట్టి అడుగు."

కామేశ్వరమ్మ గదిలోకి వెళ్ళిన శ్రీవత్స ఛాతీ ఎత్తున గోడ మీద చెయ్యి ఆనించాడు. "చూడండి, వెచ్చగా లేదూ?"

హేమశ్రీ కూడా పక్కనే చెయ్యి ఆనించింది. రెండు చేతుల మధ్య జానెడు దూరం. "వెచ్చగానే ఉంది."

"మరింకేం?"

"మా అమ్మమ్మ నిలబడి పడుకోదండీ."

అతను అప్పుడు కిందికి చూశాడు. కామేశ్వరమ్మ నడుముకు మెత్తని మంచం సరిపడదు; ఈ దేశంలోనూ ఆమె పరుపు నేల మీదే. శ్రీవత్స మోకాళ్ళ మీద కూర్చుని గోడ అడుగు భాగాన్ని తాకాడు. ఫ్రిజ్ తలుపు తాకినట్టు ఉంది. వ్యాన్ దగ్గరికి వెళ్ళి, వేడిని రంగుల్లో చూపించే కెమెరా తెచ్చాడు.

తెరపై గోడ నారింజ రంగులో వెలిగింది. మోకాలెత్తున గీత గీసినట్టు ఆగిపోయి, అక్కడి నుంచి నేల దాకా నీలం.

"ఆ నీలమంతా ఖాళీ," అంది హేమశ్రీ అతని భుజం మీదుగా చూస్తూ. ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. "విరిగిన ఎముక కూడా ఇంత క్లియర్‌గా కనపడదు."

"గోడ లోపల అడ్డకర్రలుంటాయి మేడమ్. మామూలుగా ఒకటే వరస. అందుకని దానికి పైన ఒక హోల్, కింద ఒక హోల్ చేస్తాం. మీ ఇంటికి రెండు వరసలున్నట్టున్నాయి. అడుగున మూడో గడి ఖాళీగా ఉండిపోయింది." అతను లేచి నిలబడ్డాడు. "ఆ రోజు వర్షం వచ్చేస్తోందని తొందరపడ్డాను. చెక్ చెయ్యలేదు. తప్పు నాదే."

హేమశ్రీ ఇంకా నాలుగు మాటలు సిద్ధం చేసుకుని ఉంది. అవన్నీ వృథా అయ్యాయి.

మర్నాడు అతను వచ్చి, మిగిలిన గడులన్నీ నింపాడు. మధ్యాహ్నానికి అతని జుట్టంతా తెల్లని ఉన్ని.

"ఒక్క రోజులో ముసలివాళ్ళయిపోయారే," అంది హేమశ్రీ కాఫీ అందిస్తూ.

"మీ ఇంటి మహిమండీ."

కామేశ్వరమ్మ అతని ముందు ఉప్మా ప్లేటు పెట్టి, ఎదురుగా కూర్చుంది. "ఇలాంటి ఇళ్ళు ఇంకా ఎన్ని చేశావు నాయనా?"

చెంచా ఆగింది. "ఈ వీధిలోనే నాలుగండీ. అన్నీ ఒకే మేస్త్రీ కట్టినవి."

"వాళ్ళెవరూ అడగలేదా?"

"వాళ్ళు మంచాల మీద పడుకుంటారు," అంది హేమశ్రీ. "అడగలేదని వాళ్ళకి చలి లేనట్టా?"

"మా బాస్ మర్రేకి చెప్పాలి. నా వీసా మీద ఆ కంపెనీ పేరే ఉంది. ఉద్యోగం పోతే నేనూ పోవలసిందే."

"చెప్పకపోతే?"

అతను కిటికీలోంచి వీధిని చూశాడు. "పద్నాలుగో నంబరు ఇంట్లో పాకే పాప ఉందండీ," అని నెమ్మదిగా అని, ప్లేటు పక్కన పెట్టి, వ్యాన్ తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులు కబురు లేదు. హేమశ్రీ ఫోను చేతిలోకి తీసుకునేది, పెట్టేసేది. న్యాయం అడిగినది తానే. ఆ న్యాయం అతన్ని దేశం దాటిస్తే?

శనివారం ఉదయం పద్నాలుగో నంబరు ముందు ఆ వ్యాన్ కనిపించింది. సన్నని వాన పడుతున్నా ఆమె గొడుగు తీసుకోకుండానే పరుగెత్తింది. శ్రీవత్స మోకాళ్ళ మీద కూర్చుని అడుగు చెక్కకు రంధ్రం చేస్తున్నాడు.

"ఉద్యోగం?"

"ఉంది. మర్రే అరగంట తిట్టాడు. తర్వాత, ఎవరూ అడక్కుండా చెప్పినవాణ్ణి పంపించలేనన్నాడు. నాలుగిళ్ళూ నా శనివారాల్లో నేనే నింపాలట."

"ఒక్క ఫోన్ చెయ్యడానికేం?"

"మీ నంబరు జాబ్ షీట్ మీదుంది. పని కోసమిచ్చిన నంబరుకి సొంత మాటల కోసం చెయ్యకూడదు కదండీ."

"ఏమిటా సొంత మాట?"

అతను డ్రిల్ కింద పెట్టాడు. "నా పని బాగుందన్నవాళ్ళే ఇన్నాళ్ళూ. ఎక్కడ బాగా లేదో చూపించింది మీరొక్కరే. మీరు ఎప్పుడూ పక్కనుంటే బాగుండుననిపించింది."

"పక్కనుంటే రోజూ తప్పులు పడతాను."

"పట్టండి."

వాన ఇద్దరినీ తడుపుతూనే ఉంది. హేమశ్రీ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఆ మాట మా అమ్మమ్మ ముందు అనండి."

మధ్యాహ్నం అతను ఆ మాట చెప్పగానే కామేశ్వరమ్మ అతన్ని నిలబెట్టే ప్రశ్నించింది. "మీ యజమానితో చెప్పేటప్పుడు భయం వెయ్యలేదూ?"

"వేసిందండీ."

"అయినా చెప్పావు."

"చెప్పాను."

ఆమె అతని తల్లి భాగ్యమ్మగారి నంబరు అడిగి తీసుకుంది. నంద్యాలలో అప్పుడే తెల్లవారి ఉంటుంది. ఫోను కలవగానే కామేశ్వరమ్మ చీర కొంగు సర్దుకుని కూర్చుంది.

"భాగ్యమ్మగారా? నేను కామేశ్వరమ్మనండీ, న్యూజిలాండ్ నుంచి. మీ అబ్బాయి మా గోడలు పూర్తిగా నింపకుండా వెళ్ళిపోయాడు... అయ్యో, కంగారు పడకండి. మా మనవరాల్ని మీ ఇంటికి ఇద్దామని చేశాను."