తొమ్మిదో రోజూ తిరిగొచ్చిన విస్తరి

ఇరవై ఆరో పళ్ళెంలో, పేగు కణాల నుంచి పెంచిన చిట్టిపేగులు మళ్ళీ ఉబ్బాయి. హైమవతి సూక్ష్మదర్శిని మీంచి తలెత్తకుండానే "పాజిటివ్" అని నమోదు చేసింది. నాలుగేళ్ళుగా ప్రతి మంగళవారం ఆ పళ్ళెంలో పడే నమూనా ఒక్కరిదే. తొమ్మిదో గది, నూకరాజు, అరవై ఒక్కేళ్ళు, పెళ్ళివంటల మేస్త్రి.

పక్కనే తిరుగుపెట్టె గంట కొట్టింది. తొమ్మిదో గదికి పంపిన విస్తరి మూత కూడా తీయకుండా వెనక్కొచ్చింది. ఇది తొమ్మిదో రోజు. పాకయంత్రం తప్పంతా ఉప్పులోనే ఉందని తేల్చి, ఇవ్వాళ్టికి వంటకం తొమ్మిదోసారి మార్చింది. దాని బుద్ధికి అంతకంటే తోచదు మరి.

ఏకవిస్తరి చట్టం వచ్చి పదకొండేళ్ళయింది. వాంతుల ఏడాదిలో ఊళ్ళకు ఊళ్ళే మంచాన పడ్డాక, చెయ్యి కలిపిన అన్నమూ పంచుకున్న నీళ్ళూ నేరాలయ్యాయి. కోరంగి మడ అడవుల అంచున కట్టిన ఈ పేగుజబ్బుల కేంద్రంలో, ఆంత్రశాలలో, అందరికీ తలో భోజనపు అర ఉంది. హైమవతి కూడా రోజూ గోడవైపు తిరిగి కూర్చుని పదకొండు నిమిషాల్లో తిండి కానిచ్చేస్తుంది. అలా తినడం అలవాటైంది గానీ ఏనాడూ సయించలేదు.

నూకరాజుకు మార్చిన కిడ్నీ ఉంది. దాన్ని కాపాడే మాత్రలు ఒంట్లోని రోగనిరోధక శక్తిని అణచిపెడతాయి. అందుకే మిగతావాళ్ళను మూడు రోజుల్లో వదిలిపోయే వైరస్ ఆయన పేగులో కాపురం పెట్టేసింది. వరసగా మూడు నెగటివ్‌లు వస్తేనే తలుపు తీస్తారు. రావని ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఆ మాట ఎత్తరు.

ఎత్తేది వేరే మాట. పెళ్ళిలో వంటవాడు ఆఖరి పంక్తి లేచాకే తింటాడు. ఆయనకు ముప్ఫయ్యేళ్ళ అలవాటది. అందుకని రోజూ పన్నెండు నలభైకి స్పీకర్లో "తిన్నారామ్మా?" అని అడిగేవాడు. తిన్నానండి అనేది ఈమె. ఏం కూర అనేవాడు. బీరకాయ అంటే నువ్వులపొడి చల్లారా అని ఆరా తీసి, చల్లలేదంటే అయ్యో అనుకుని, అప్పుడు తన విస్తరి దగ్గరికి లాక్కునేవాడు.

విస్తరి వెనక్కి రావడం మొదలైన రోజునే, పరిశోధకుల సమయం వృథా అవుతోందని ఆ స్పీకరుకు మనిషికి బదులు మాట్లాడే గళయంత్రం తగిలించారు. గొంతు మాత్రం హైమవతిదే. ఏం జరిగిందో చూద్దామని ఇవాళ ఆమె సంభాషణల నమోదు తెరిచింది. మొదటి రోజు ఆయన తిన్నారామ్మా అని అడిగితే, అచ్చం తన గొంతుతో తిన్నానండి అని బదులొచ్చింది. ఏం కూర అని అడిగితే, పోషకాలు సరిపోయాయండి అంది. ఆ తర్వాత ఆయన ఏమీ అడగలేదు. అవతల ఎవరూ తినలేదని ఆయనకు తెలిసిపోయింది, ఇక తనూ తినలేదు.

హైమవతికి తన గొంతు ఎవరో ఎంగిలి చేసినట్టనిపించింది.

ఖాళీ కడుపులో మాత్రలు నిలవక ఆయన వాంతి చేసుకుంటున్నాడు. ఇవాళ్టి రక్తపరీక్షలో కిడ్నీ దెబ్బతింటున్నట్టు స్పష్టంగా ఉంది. రేపు పొద్దున మంచానికి కట్టి ముక్కులోంచి గొట్టం వేయమని ఉత్తర్వు. గళయంత్రం తీసేయమని అధికారి విశ్వంభరం గారిని అడిగింది. ఆయన చెడ్డవాడేమీ కాదు, కాకపోతే స్పీకరు తన చేతిలో లేదన్నాడు. ఉప్పు సంగతి మరోసారి చూడమన్నాడు.

ఆమె ఇరవై ఏడో పళ్ళెం చూసింది. అందులోవి తన కణాలతో పెంచిన చిట్టిపేగులు. అదే నమూనా వాటిమీదా పోస్తుంది. ఈ రకం వైరస్ పట్టుకు వేలాడే చక్కెర అణువుల పిడి ఆమె పేగులో పుట్టుకతోనే లేదు. నాలుగేళ్ళుగా ఆ పళ్ళెం ఒక్కసారి కూడా ఉబ్బలేదు. తనే వారం వారం "మార్పు లేదు" అని రాసి పక్కన పెట్టేసింది.

లోపలికి వెళ్తే మాత్రం బయటికి రావడం ఉండదు. జబ్బు చేయకపోయినా వైరస్ చేతులకు అంటుతుంది. బయట తనకోసం ఎదురుచూసేవాళ్ళు లేరు. అది ఇవాళ పనికొచ్చినందుకు ఏడుపొచ్చింది.

పన్నెండు నలభైకి తన డబ్బా, ఆయన విస్తరి పట్టుకుని రెండు తలుపులూ దాటింది. తలుపుల యంత్రం మూడుసార్లు వద్దంది.

చిక్కి సగమైన నూకరాజు గోడకు ఆనుకుపోయాడు. "ఎల్లిపోండమ్మా. ఇంకా ఉందండి నాలో."

"ఉందండి. పొద్దున నేనే చూశాను. నన్ను పట్టుకోదది."

"మరి మిమ్మల్ని బయటికి పంపరు కదండీ?"

"పంపరు."

"ఎందుకమ్మా ఇంత పని చేశారు?"

"ఒక్కదాన్నే తినలేకపోతున్నానండి."

ముందు ఆమెను తినమన్నాడు. నాలుగు ముద్దలు తినేదాకా రెప్పవేయకుండా చూశాడు. తర్వాత తన విస్తరి మూత తీసి, తలొంచుకుని గబగబా తినసాగాడు.

గోడమీది తెర వివరాలడిగింది. రోగులు ఒకరు, ఆరోగ్యవంతులు ఒకరు అని హైమవతి నింపింది. ఒకే గదిలో అది సాధ్యం కాదు, సరిచేయండి అంది తెర. ఆమె సరిచేయలేదు. తెర అదే అడుగుతూ ఉండిపోయింది.

ఈలోగా గది అద్దం అవతల ఆంత్రశాల మనుషులు చేరారు. అందరి చేతుల్లోనూ మూత తీయని డబ్బాలే. గాజుసామాను కడిగే రత్నకుమారి స్పీకరు నొక్కింది.

"హైమవతి గారూ, నన్నూ పట్టుకోదేమో, నా పేగు కూడా పళ్ళెంలో ఏసి చూస్తారేంటండీ?"

"నేను రాలేను కదా. నువ్వే వెయ్యి, ఎలాగో చెప్తాను."

రత్నకుమారి వెనక ఇంకొకరు నిలబడ్డారు, ఆ వెనక మరొకరు. నూకరాజు చెయ్యి విస్తరిలోనే ఆగిపోయింది. ఆ వరసను చివరిదాకా చూసి గొంతు సవరించుకున్నాడు.

"వంట నా చేత్తో ఒద్దులెండి. ఎలా వండాలో చెబుతాను, వాళ్ళే వండుకుంటారు. ముందు పంక్తికి ఎంతమందో చూసి చెప్పండమ్మా."

హైమవతి అద్దంవైపు తిరిగి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.