నక్షత్రం పెట్టిన క్రియ

తెర మీద "ఫకియో" అని పడగానే తారానాథ్ చప్పట్లు కొట్టాడు. "చేస్తున్నాను" అని దానర్థం. లాటిన్‌కి తల్లి భాషలోని క్రియ అది. ఆ భాషని ఎవరూ రాసిపెట్టలేదు, మాట్లాడినవాళ్లు ఎప్పుడో మట్టిలో కలిసిపోయారు. తారానాథ్ కట్టిన యంత్రం లాటిన్‌నీ, దాని అక్కచెల్లెళ్ల లాంటి పాత భాషల్నీ పక్కపక్కన పెట్టి, పోయిన క్రియల్ని ఊహించి చెబుతుంది. ఊహించిన ప్రతి మాట ముందూ ఒక నక్షత్రం వేస్తుంది. ఎవరి నోటా విన్న దాఖలా లేదని ఆ గుర్తుకి అర్థం.

ఇంట్లో అతని భార్య కుముదినికీ క్రియలు పోయాయి. పక్షవాతం వచ్చాక పేర్లే మిగిలాయి. "నీళ్లు" అంటుంది, కావాలో, ఒలికాయో మనమే తేల్చుకోవాలి. ఎక్కడెక్కడి మాటలనో వెతికే మొగుడికి ఇంట్లో మనిషి అప్పటికి గాని గుర్తుకు రాలేదు. యంత్రానికి తెలుగు నేర్పి ఆమె మంచం పక్కన పెట్టాడు. ఆమె "నీళ్లు" అనగానే అది "నీళ్లు కావాలి" అంది. కుముదిని నవ్వింది.

కొన్నాళ్లకి డాక్టరు మెదడుకి ఆపరేషన్ అన్నాడు. "క్రియలు తిరిగి రావచ్చు. వికటిస్తే ఉన్న మాటలూ పోతాయి. ఆవిడే చెప్పాలి."

కుముదిని చాలాసేపు ఆలోచించి, "నేను... ఆపరేషన్..." అంది.

"నేను ఆపరేషన్ చేయించుకుంటాను," అంది యంత్రం.

ఆమె తల అడ్డంగా ఊపింది. పక్కనే ఉన్న చెల్లెలు హైమ గాభరాపడింది. "బావగారూ, అక్క వద్దంటోంది!"

"ఆ తల వణుకు జబ్బులో భాగమేనమ్మా," అన్నాడు డాక్టరు.

"యంత్రం స్పష్టంగా చెప్పింది కదా హైమా," అన్నాడు తారానాథ్. మనిషి కళ్లెదురుగా ఉండగా పెట్టె మాట నమ్మాడు మహానుభావుడు!

ఆపరేషన్ వికటించింది. "నీళ్లు" కూడా పోయింది.

"మీ పెట్టెకి కాదనడం వచ్చా అసలు?" అని అడిగింది హైమ, ఏడుస్తూనే.

అప్పుడు తెలిసింది అతనికి. లాటిన్ తల్లి భాషలో కాదనడానికి క్రియ బయట వేరే చిన్న మాట ఉంది. క్రియల కోసం కట్టిన యంత్రం దాని జోలికే పోలేదు. తెలుగులో రాను, చేయను, వద్దు, అన్నీ క్రియలే. క్రియలతో పాటే కుముదిని కాదనే మాటా పోయింది. యంత్రం ఆమెకి ఔననే మాటలు మాత్రమే తిరిగి ఇచ్చింది.

లోపం సరిదిద్ది, ఆమె తల అడ్డంగా ఊపిందని కూడా చెప్పి, యంత్రం దాచుకున్న ఆనాటి ఆమె గొంతుని దానికి మళ్లీ వినిపించాడు. ఈసారి తెర మీద "నేను ఆపరేషన్ చేయించుకోను" అని పడింది. దాని ముందు ఎప్పటిలాగే నక్షత్రం.

ఆ నక్షత్రాన్ని చెరపబోయాడు. "విన్నవారి పేరు?" అని అడిగింది యంత్రం.

హైమ పేరు కొట్టాడు. తన పేరు కొట్టడానికి మొహం చెల్లలేదు.