చిట్టి పాస్‌పోర్ట్

ఉదయం పది నలభై. బాలసదనం ఆఫీసులో సూపరింటెండెంట్ బీరువా తెరిచాడు.

ఫైలు ఉంది. అందులో పాస్‌పోర్ట్ లేదు.

పది పదికి ఆయనే స్వయంగా అందులో పెట్టాడు. అరగంటలో మాయం. మధ్యాహ్నం రెండున్నరకు వీసా ఇంటర్వ్యూ. కోర్టు ఇచ్చిన గడువు ఈ రోజుతో సరి. ఇంటర్వ్యూ తప్పితే దత్తత రద్దు. నాలుగేళ్ల చిట్టికి మళ్లీ ఈ సదనమే గతి.

పదకొండు ఐదుకు ఇన్‌స్పెక్టర్ దిగాడు. జలుబు. చిరాకు దానికి రెండింతలు.

"బయటికి ఎవరైనా వెళ్లారా?"

"లేదు సార్. వాచ్‌మన్ గేటు దగ్గరే ఉన్నాడు."

"బీరువాకి తాళం?"

"వెయ్యం సార్. నేను వరండాలో ఫోన్లో ఉన్నా, ఎంబసీ వాళ్లతో. మొత్తం అరగంట."

"బాగుంది. తాళం మీరు వెయ్యరు, దొంగని మేం పట్టాలి."

లోపల ముగ్గురు కూర్చున్నారు. దత్తత కోసం విదేశం నుంచి వచ్చిన తెలుగు భార్యాభర్తలు. చిట్టిని మూడేళ్లుగా పెంచిన ఆయా.

ఎవరూ అడక్కముందే భార్య అందుకుంది.

"ఇంకెవరు సార్, ఈ ఆయానే! ఆరు రోజులుగా చూస్తున్నా. నేను తినిపిస్తే నోరు తెరవదు పిల్ల. ఈవిడ తినిపిస్తే గబగబా తింటుంది. పంపడం ఇష్టం లేక ఈవిడే దాచేసింది."

"ఊరుకో," అన్నాడు భర్త.

"మీరెక్కడున్నారు?" ఇన్‌స్పెక్టర్ అతని వైపు తిరిగాడు.

"తోటలో. పాపని ఉయ్యాల ఊపుతున్నా. వాచ్‌మన్ చూశాడు."

"నాన్న అంటుందా?"

"రెండో రోజు నుంచే!" అతను నవ్వాడు. భార్య మొహం చూసి ఆ నవ్వు మింగేశాడు.

"మీరమ్మా?"

"కింద గదిలో. పాప బట్టలు సర్దుతున్నా."

ఇన్‌స్పెక్టర్ ఆయాను వరండాలోకి పిలిచాడు.

"నువ్వెక్కడున్నావమ్మా?"

"మేడ మీద ఇస్త్రీ చేస్తున్నా సార్."

"ఎవరైనా చూశారా?"

"ఇస్త్రీ చేస్తుంటే ఎవరు చూస్తారు సార్?"

"పిల్ల వెళ్లిపోతోందని కడుపుమంట లేదూ?"

"ఎందుకు లేదు సార్? ఆ మేడమ్‌ని చూస్తే ఒళ్లు మండిపోతుంది. జ్వరాలకీ గజ్జికీ నేను, ఫ్లైట్ ఎక్కేటప్పుడు ఆవిడా!" ఆయా ముక్కు చీదుకుంది. "కానీ తీసి నేనేం చేసుకోను? నా డ్యూటీ అయిపోతే నేనింటికి పోతా. దానికి ఇంటికి పోని అమ్మ కావాలి."

"పిల్ల బట్టలు సర్దడం అయిందా?"

"నిన్న సాయంత్రమే సర్దేశా సార్. బ్యాగ్ ఆఫీసులోనే ఉంది."

ఇన్‌స్పెక్టర్ ముక్కు తుడుచుకోవడం ఆపేశాడు. నేరుగా బీరువా దగ్గరికి నడిచాడు.

పై అరలో లావుపాటి ఫైలు. పైన దుమ్ము. కింది అరలో కొత్త ఫైలు, పల్చగా.

"రెండూ చిట్టివేనా?"

"అవును సార్. కోర్టు ఆర్డర్ రాగానే కొత్త పేరుతో కొత్త ఫైలు తెరుస్తాం. పాతది ఇక ముట్టుకోం. పాస్‌పోర్ట్ ఇవాళే కొత్త పేరు మీద వచ్చింది. ఈ భార్యాభర్తల ఎదురుగానే కొత్త దాంట్లో పెట్టా."

"ఆ కొత్త పేరు ఆయాకి తెలుసా?"

"లేదు సార్. ఇక్కడ అందరికీ అది చిట్టే."

పన్నెండు ఇరవైకి అందరూ ఆఫీసులో ఉన్నారు.

"ఆయా వెతికితే తనకు తెలిసిన పాత ఫైలే ముందు తీసేది. దాని మీద దుమ్ము చెదర్లేదు. దొంగ తిన్నగా కొత్త ఫైలుకే వెళ్లాడు. ఆ ఫైలు సంగతి తెలిసింది ముగ్గురికి. ఒకరు ఫోన్లో ఉన్నారు. ఒకరు ఉయ్యాల దగ్గర. మూడో మనిషి నిన్ననే సర్దేసిన బట్టల్ని ఇవాళ సర్దుతున్నారట!"

భార్య లేచింది. హ్యాండ్‌బ్యాగ్ తెరిచి పాస్‌పోర్ట్ బల్ల మీద పెట్టింది.

"నువ్వా!" అన్నాడు భర్త.

"నిన్న పాప పడి మోకాలు గీసుకుంది. పక్కనే ఉన్నా. నన్ను దాటుకుని ఈవిడ దగ్గరికి పరిగెత్తింది. మీకేం, మీరు నాన్న. నేనెవర్ని? ఓర్వలేకపోయా. ఈ దత్తత వద్దని చెప్పడానికి నోరు రాలేదు. కాగితాలే కుదర్లేదని సరిపెట్టుకుందామనుకున్నా."

"అందుకని నింద ఈవిడ మీద వేశారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. కాగితం తీసి, పెన్ను మూత విప్పాడు. "ఆర్డర్ వచ్చిన రోజు నుంచి చట్టప్రకారం ఆ పిల్లకి తల్లి మీరు. కూతురి పాస్‌పోర్ట్ తల్లి బ్యాగ్‌లో ఉంటే దొంగతనం అనను. తల్లిని కానంటారా, ఇప్పుడే కేసు రాస్తా. చెప్పండి."

ఆమె గడియారం చూసింది. పన్నెండు ముప్పై అయింది.

"తల్లినే," అందామె.

ఇన్‌స్పెక్టర్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆమె ఆయా ముందు నిలబడింది. "తప్పయిపోయింది. ఏడ్చినప్పుడు దాన్ని ఎలా పడుకోబెడతారో చెప్తారా?"

ఆయాకు చెప్పాలని లేదు. మూడేళ్లుగా తన ఒక్కదానికే తెలిసిన సంగతి అది. పెదవి కొరుక్కుంది. అయినా చెప్పింది.

"చెవి పట్టుకుని పడుకుంటుంది మేడమ్. మన చెవి. కమ్మలుంటే గుచ్చుకుంటాయి."

ఆమె అక్కడికక్కడే కమ్మలు తీసేసింది.