నొప్పి అనని రోజు

"అబ్బా! అది వేలనుకున్నావా, కట్టెల మోపనుకున్నావా? చంపేస్తావా ఏంటి!"

డానిలో అరుపుకి గదిలో అందరం అటు తిరిగాం. కొత్తగా వచ్చిన ఫిజియో ఎలోడీ మాత్రం తలెత్తలేదు. వాడి వేళ్లకు టేపు చుడుతూనే, "నూట నలభై కిలోల మనిషివి, టేపుకి ఏడుస్తావా?" అంది.

"టేపుకి కాదు తల్లీ, నీ చేతులకి!"

"అయితే వెళ్లి వదులుగా చుట్టేవాళ్లని వెతుక్కో."

వాడు వెతుక్కోలేదు. ఆ జూన్ నుంచి ప్రతి మ్యాచ్‌కి ముందూ, పక్క బల్ల ఖాళీగా ఉన్నా సరే, ఆమె బల్ల దగ్గరే కాసుక్కూర్చునేవాడు. ఆమె బిగించేది, వాడు కేకలు పెట్టేవాడు, ఆమె కావాలని ఇంకో చుట్టు వేసేది. వీళ్ల ప్రేమ సంగతి జట్టులో అందరికీ తెలుసు, వీళ్లిద్దరికీ తప్ప.

నేను గోర్డ్‌ని. మాది కెనడా ఫుట్‌బాల్, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. జట్టులో బంతిని కాళ్ల సందులోంచి వెనక్కి అందించేవాణ్ణి. నా ఎడమ పక్కన నిలబడేవాడు డానిలో. బంతి పట్టుకున్నవాడి మీదికి దూకే దున్నపోతులకి అడ్డం పడడమే మా పని. సరిగ్గా చేస్తే ఎవరూ చూడరు, తప్పితే మా ఊరు రెజైనా అంతా మమ్మల్నే తిడుతుంది. పైగా ముందు వరసలో నిలబడే మాకో పట్టింపు ఉంది. మంచు కురిసినా, గాలి కోసేసినా చేతులు కప్పుకోం. కప్పుకుంటే పరువు పోయినట్టే.

అందుకే నవంబరులో మా వేళ్లు మొద్దుబారితే ఎవరికీ అనుమానం రాదు.

విన్నిపెగ్ జట్టుతో ఆటలో డానిలో ఒకణ్ణి తలతో ఢీకొన్నాడు. లేచాడు గానీ కుడి చెయ్యి గుడ్డపీలికలా వేలాడింది. కాసేపటికి విదిలించుకుని, "ఏం లేదు" అన్నాడు. అలాంటివి మాకు మామూలే.

ఆ వారం వాళ్ల నానమ్మ చేసిన పెరోగీలు, అదే బంగాళదుంప కూరిన కుడుములు, తింటుంటే వాడి చేతిలోంచి ఫోర్కు జారింది. తీశాడు. మళ్లీ జారింది. నేను వాడి వేళ్ల వంకే చూశాను.

"చలికి మొద్దుబారిందిలే."

"వంటింట్లో చలేంట్రా?"

వాడు గొంతు తగ్గించాడు. "ఆదివారం సెమీఫైనల్ గోర్డ్. నేను కూర్చుంటే నా చోట్లో ఇంకోడు నిలబడతాడు. నాకు ముప్పై దాటాయి. ఒకసారి వదిలానంటే మళ్లీ ఆ చోటు దొరుకుతుందా?"

"ఎలోడీకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా? ఆదివారం పొద్దున్న దాకా చూస్తా. అంతే."

ఆదివారం వచ్చింది. బయట మా జట్టు అభిమానులు ఎప్పట్లాగే పుచ్చకాయ డొప్పలు నెత్తిన పెట్టుకుని ఒకటే గోల. లోపల ఎలోడీ టేపు చుడుతోంది. డానిలో పైకప్పు చూస్తూ వాతావరణం గురించి చెబుతున్నాడు. నేను నోరు తెరవబోయాను. అంతలో ఆమె చేతులు ఆగిపోయాయి.

వాడు ఇంకా అరవలేదు.

ఆమె ఇంకో చుట్టు వేసింది. మరొకటి బిగించి లాగింది. వేలి కొస నల్లబడింది.

"బిగుతుగా ఉందా?"

"లేదే! ఇన్నాళ్లకి పని నేర్చుకున్నావు."

ఎలోడీ మొహంలో రక్తం ఇంకిపోయింది. కత్తెరతో టేపు కోసేసి, "కళ్లు మూసుకో" అంది.

"ఎందుకు, ముద్దు పెడతావా?"

"మూసుకో అన్నానా!"

మూసుకున్నాడు. ఆమె వాడి చూపుడువేలిని గోరు దిగేలా గిల్లింది. చూస్తున్న నాకే ప్రాణం జివ్వుమంది. వాడు నవ్వుతూ, "ఎంతసేపు? త్వరగా పెట్టు" అన్నాడు.

ముద్దు రాకపోయేసరికి కళ్లు తెరిచాడు. తన వేలిలో దిగిన ఆమె గోరు చూశాడు. నవ్వు ఆరిపోయింది.

"ఎలోడీ, నీకు దండం పెడతా. ఈ ఒక్క ఆట."

"ఆ విన్నిపెగ్ దెబ్బకి మెడలో నరం నలిగింది డానిలో. ఇంకో దెబ్బ పడితే చెయ్యే కాదు, కాళ్లూ లేవవు. నాకు భయమేస్తోంది."

"డాక్టరుకి చెప్పావంటే జన్మలో నీ మొహం చూడను."

"చూడకు. నడుచుకుంటూ వెళ్లి నన్ను తిట్టుకో, చాలు." కళ్లు తుడుచుకుంటూ డాక్టరు గదికి పరిగెత్తింది.

ఆ రోజు వాడు లేకుండా ఆడాం. ఓడిపోయాం.

మెడకి ఆపరేషన్ జరిగింది. ఇంకొక్క దెబ్బ తగిలి ఉంటే, అని డాక్టరు మాట మింగేశాడు. ఇక ఆట లేదని మాత్రం తేల్చి చెప్పాడు. చేతికి స్పర్శ వస్తుందో రాదో చెప్పలేనన్నాడు. డానిలో ఎవరితోనూ మాట్లాడలేదు. ఎలోడీ రోజూ ఆసుపత్రికొచ్చి, గదిలోకి వెళ్లే ధైర్యం లేక, కోటు కూడా విప్పకుండా బయటే కూర్చుని వెళ్లిపోయేది.

క్రిస్మస్ ముందు వాడు ఇంటికొచ్చాక, నేనే ఎలోడీని వాళ్ల నానమ్మగారింటికి లాక్కెళ్లాను. తలుపు తీసిన ముసలావిడ ఎగాదిగా చూసి, "టేపు పిల్లవి నువ్వేనా? జూన్ నుంచీ నీ మీద చాడీలు విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి. రా లోపలికి" అంది.

డానిలో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఎలోడీ అటువైపే నడిచింది. వాడి ముందు మోకాళ్ల మీద కూర్చుని, కోటు జేబులోంచి టేపు తీసింది. వాడు కుడి చెయ్యి లాక్కోలేదు.

ఒక చుట్టు. ఇంకొకటి. నానమ్మ శిలువ గుర్తు వేసుకుంది. ఎలోడీ పళ్లు కరుచుకుని గట్టిగా లాగింది.

"అబ్బా! చంపేస్తావా ఏంటి!"

తన అరుపు తనకే వినపడినట్టు వాడు ఆ వేలి వంకే చూశాడు. ఎలోడీ వాడి ఒళ్లో తల పెట్టి బావురుమంది.

"నొప్పిగా ఉందా?" అంది వెక్కుతూనే.

"చచ్చేంత."

"వదులుగా చుట్టేవాళ్లని వెతుక్కుంటావా?"

డానిలో ఎడమ చేత్తో ఆమె కన్నీళ్లు తుడిచాడు. "నాకెవరూ వద్దు. నువ్వే ఇంకో చుట్టు వెయ్యి."