నరసమ్మ పేరున్న రెసిస్టర్

"ఆ అమ్మాయి అందంగా ఉంటుంది. డేంజరంతా అక్కడే ఉంది," అన్నాడు భాస్కరరావు, పెసరట్టు తుంచుతూ.

ఉదయం ఏడు గంటలు. ఏలూరులో ఆయన ఇంటి డైనింగ్ టేబులే కోస్తా జిల్లాల సీక్రెట్ ఏజెంట్లకు హెడ్డాఫీసు. వంటింట్లో ఉన్న ఆయన భార్య వెంకటనరసమ్మకు ఆ సంగతి తెలియదు. భర్త పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరై, కరెంటువాళ్ళకు సలహాలిస్తున్నాడని ఆమె నమ్మకం. ఎదురుగా కూర్చున్న ఉదయ్ కిరణ్ ఆయన పాత శిష్యుడనీ, పదేళ్ళుగా తన చేతి వంట తింటున్నా ఒళ్ళు చెయ్యని మనిషనీ తెలుసు. అతని కోడ్ నేమ్ 'గూడబాతు' అని మాత్రం తెలియదు.

"పేరు నజ్నీన్." భాస్కరరావు గొంతు తగ్గించాడు. "తాడేపల్లిగూడెంలో ట్రాన్స్‌ఫార్మర్లు రీవైండింగ్ చేసే వర్క్‌షాపులో సిమ్యులేషన్ ఇంజనీరు. విదేశీ రొయ్యల ముఠా మనిషి. వాళ్ళు బాగుచేసిన ట్రాన్స్‌ఫార్మర్‌ని ఇవాళ పదకొండింటికి కైకలూరు దగ్గర సబ్‌స్టేషన్లో పాతదానితో కలుపుతారు. అది పేలిందనుకో?"

"రొయ్యల చెరువుల్లో నీళ్ళకు గాలి కొట్టే ఏరేటర్లు ఆగిపోతాయి సార్."

"ఈ ముసురులో ఏరేటర్లు ఆగితే సాయంత్రానికి ఒక్క రొయ్య బతకదు. కొల్లేటి చుట్టూ ఎన్ని ఊళ్ళ పంటో నీకు తెలుసు. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కి కంప్యూటర్లో చేసిన మోడల్ ఫైలు ఆమె దగ్గరుంది, అది కావాలి. లాప్‌టాప్‌తో సహా తీసుకురా. సబ్‌స్టేషన్ గేటు దగ్గరుంటాను. ఆపించే పని నాది."

"ఇంకో అట్టు వేసుకో నాన్నా," అంటూ నరసమ్మ వచ్చింది. ఆవిడ అట్టు వేశాక వద్దనడం ఏ ట్రైనింగులోనూ నేర్పలేదు.

ఎనిమిదిన్నరకు భీమడోలు రైలు గేటు పడింది. ఆగిన కార్లలో ఒక తెల్ల కారు అద్దాన్ని రొయ్యల మేత కంపెనీ ఏజెంటొకడు వేలితో తట్టాడు. తల మీద టోపీ, చంకలో శాంపిల్ సంచీ, మూతి మీద అతికించిన మీసం.

"కైకలూరు దాకా లిఫ్ట్ ఇస్తారాండీ మేడమ్? బస్సు తప్పిపోయిందండి."

నల్ల కళ్ళద్దాల ఆవిడ ఒక్క క్షణం చూసి డోర్ తీసింది. కారంతా సెంటు వాసన. వెనక సీట్లో లాప్‌టాప్. ఏలూరు దాటి కొల్లేటి రోడ్డెక్కాక ఉదయ్ తన చేతి గడియారంలోని కాపీయింగ్ గాడ్జెట్‌ని మెల్లిగా దానివైపు తిప్పాడు. గడియారం టైమ్ మాత్రమే చూపించింది.

వంతెన మీద కారు ఆగింది. డోర్లు లాకయ్యాయి. ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీస్తుందనుకుంటే పిస్తోలు తీసింది.

"మీసం ఊడిపోతోందండి, గూడబాతు గారూ."

"ఆ పేరు మీకెవరు చెప్పారు?"

"ఢిల్లీ. ముఠావాళ్ళు నన్ను వాళ్ళ మనిషే అనుకుంటున్నారండి. మన వైపు నుంచి వాళ్ళకు పనిచేస్తున్నదెవరో కనుక్కోమని ఢిల్లీ పంపింది. కనుక్కున్నాను. మీరేనండి."

ఒక చేత్తో పిస్తోలు పట్టుకునే, రెండో చేత్తో వెనక సీట్లోంచి లాప్‌టాప్ లాగి తెరిచింది. తెర మీద ట్రాన్స్‌ఫార్మర్ మోడల్. ఒకే ఇనుప కోర్‌కి చుట్టిన రెండు కాయిల్స్. ఒక్కో కాయిల్ చివర ఒక్కో చుక్క. వోల్టేజీ ఏ దిక్కుగా లేస్తుందో చెప్పేది ఆ చుక్కే.

"అసలు కాయిల్‌ని నిన్న సాయంత్రం నేనే కొలిచానండి. చుక్క కింద ఉంది. వైండింగ్‌లో ఎవరో తీగల చివరలు తారుమారు చేశారు. ఈ మోడల్లో మాత్రం పైన పెట్టారు. అందుకే సాఫ్ట్‌వేర్ 'కలుపుకోవచ్చు' అంటోంది. అసలు టెస్టు మానేసి దీన్నే రిపోర్టుగా పంపేశారు. రిపోర్టు కింద సంతకం నాది, కాయిల్ కొలవకముందు పెట్టింది. ఫైలు చేసిన లాగిన్ మీది. స్విచ్ వేసేలోపు ఆపడానికే వెళ్తున్నానండి."

నిజమే. ఉదయ్ కిరణ్ అని అతని పేరే ఉంది. కలిపిన మరుక్షణం రెండు ట్రాన్స్‌ఫార్మర్లూ ఎదురెదురు తిరిగి షార్ట్ సర్క్యూట్ అవుతాయి. స్విచ్ దగ్గర నిలబడ్డ మనిషి మిగలడు.

"నేను చెయ్యలేదండి," అంటూ అతను ఫైల్లో పార్టుల లిస్టు కిందికి జరిపాడు. ఆఖరి లైను దగ్గర చెయ్యి ఆగిపోయింది.

అక్కడొక పెద్ద రెసిస్టర్ ఉంది. దాని పేరు నరసమ్మ.

రెండో కాయిల్‌ని దేనికీ కట్టకుండా గాలిలో వదిలేస్తే సాఫ్ట్‌వేర్ మొరాయిస్తుంది. అందుకని పెద్ద రెసిస్టర్ ఒకటి పెట్టి నేలకు కడతారు. ఫైనలియర్ క్లాసులో భాస్కరరావు మాస్టారు బోర్డు మీద ఆ బొమ్మ గీసి, "దీనికి మా ఆవిడ పేరు పెడతానర్రా. గాల్లో తేలిపోయేవాణ్ణి నేలకు కట్టేసింది ఆవిడే," అన్నాడు. క్లాసంతా గొల్లున నవ్వింది. అప్పటినుంచి ఆయన ఏ మోడల్ చేసినా ఆ రెసిస్టర్ నరసమ్మే. తన లాగిన్ చెరిపి శిష్యుడి లాగిన్ పెట్టిన పెద్దమనిషి, అలవాటు కొద్దీ రాసిన భార్య పేరు చెరపడం మరిచిపోయాడు.

ఉదయ్‌కి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. పదేళ్ళు అన్నం పెట్టిన ఇల్లది. లాప్‌టాప్‌తో సహా గేటు దగ్గరికి ఎందుకు రమ్మన్నాడో ఇప్పుడు తెలిసింది. పేలుడయ్యాక ఫైలుతో పట్టుబడాల్సిన దొంగ తనే.

అతను చెప్పిందంతా విని నజ్నీన్ పిస్తోలు దించింది. కారు స్టార్టు చేసింది.

"సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కి ఫోన్ చెయ్యండి!" అన్నాడు ఉదయ్.

"కంట్రోల్ రూంలో ఫోన్లు ఉండకూడదని ఆర్డరు వేయించారండి. వేయించింది మీ సారే."

పది యాభై ఏడు. కంట్రోల్ రూంకి బాగా దూరంగా, గేటు బయట, వాకీటాకీతో భాస్కరరావు నిలబడి ఉన్నాడు. ఉదయ్‌ని చూసి నవ్వాడు.

"తెచ్చావా?"

"చుక్క ఎక్కడుంది సార్?" అన్నాడు ఉదయ్.

ఆ నవ్వు మాయమైంది. వాకీటాకీ నోటి దగ్గరికెళ్ళింది. "బుల్లిరాజూ, స్విచ్ వేసెయ్!"

ఉదయ్ పరుగందుకున్నాడు. ఆపరేటర్ బుల్లిరాజుకు పెద్ద స్విచ్ వేసే ముందు ప్యానెల్ మీది వెంకటేశ్వరస్వామి పటానికి దండం పెట్టుకోవడం అలవాటు. ఆ దండమే కాపాడింది. ఉదయ్ లోపలికొచ్చేసరికి ఆయన కళ్ళు తెరిచి స్విచ్ మీద చెయ్యి వేస్తున్నాడు.

"ఆగండి బాబాయ్! మీ టెస్టు ల్యాంపు ఏదీ?"

"అదెందుకండీ? కంప్యూటర్ రిపోర్టు ఉంది, ల్యాంపు అక్కర్లేదన్నారండి భాస్కరరావు గారు."

"వెయ్యి! వెయ్యవయ్యా!" వాకీటాకీ అరిచింది.

ఉదయ్ బల్ల కింద నుంచి బల్బు లాగి, మీటర్ల కోసం ప్యానెల్లోకి తెచ్చిన రెండు ట్రాన్స్‌ఫార్మర్ల తీగల మధ్య పెట్టాడు. రెండూ ఒకే దిక్కున ఉంటే ఆ బల్బు వెలగకూడదు.

ధగధగా వెలిగింది.

ముప్పై ఏళ్ళ సర్వీసున్న బుల్లిరాజుకు ఏ సాఫ్ట్‌వేరూ విడమరచి చెప్పక్కర్లేకపోయింది. కాలినట్టు చెయ్యి లాక్కున్నాడు. "ఓరి నాయనో, నేనిక్కడే నిలబడి ఉన్నానండి," అంటూ కింద కూలబడ్డాడు.

వాకీటాకీలో నజ్నీన్ గొంతు వినిపించింది. "సార్ చేతులు పైకెత్తారండి. మీరు నింపాదిగా రండి."

ఉదయ్ గేటు దగ్గరికి వెళ్ళాడు. "ఎందుకు సార్?"

"నా మోడల్స్‌ని ఢిల్లీ చెత్తబుట్టలో పడేసింది. ముఠావాళ్ళు వాటికి నా పేరు పెట్టారు."

"మరి ఈ ఫైలుకు నా పేరెందుకు పెట్టారు?"

"నువ్వైతే నన్ను అనుమానించవని."

ఢిల్లీ వాళ్ళ జీపు వచ్చి ఆయన్ని ఎక్కించుకుంటుండగా ఉదయ్ ఫోన్ మోగింది.

"మీ సారు ఫోనెత్తట్లేదు నాన్నా. కొర్రమీను పులుసు పెట్టాను. ఇద్దరూ భోజనానికి వచ్చేస్తారా?"

ఉదయ్ జీపు వైపు చూశాడు.

"సార్‌కి కొంచెం ఆలస్యమవుతుందండీ పిన్నిగారూ."

"పోన్లే నాన్నా. చేపల పులుసు మర్నాటికే రుచి."

ఏ మర్నాటికో చెప్పే ధైర్యం, పిస్తోలు ముందు బెదరని గూడబాతుకు లేకపోయింది.