మాంగనీసు కొండ మీద కన్ను

1958. జంషెడ్‌పూర్, సాక్చి మార్కెట్. పట్టపగలు కెమిస్టు జోజి వీపులో కత్తి దిగింది. సింగ్‌భూమ్ మాంగనీసు కొండ శాంపిళ్ళు పరీక్షించింది అతనొక్కడే. రిపోర్టు రాయకముందే పోయాడు పాపం.

కాసిడీహ్‌లో ఓ మేడ మీద చీఫ్ సీతారామరావు ఏజెంట్ పోలరాజుకి మిషన్ అప్పగించాడు.

"విదేశీ ముఠా. లీడర్ క్రోల్. అసలు శాంపిల్ తీసేసి పనికిరాని రాయి పెడతారు. కొండ దండగని తేలగానే కారుచౌకగా లీజు రాయించుకుంటారు."

"రాయించుకుంటే?"

"ఖనిజం ఉన్న దేశాలన్నీ బాగుపడలేదయ్యా. తలుపులేసుకుని సంతకాలు పెట్టిన చోట కొండా పోయింది, కూడూ పోయింది. సరిగ్గా వేలం వేస్తే ఆ చుట్టుపక్కల ఊళ్ళకి బడీ, ఆసుపత్రీ వస్తాయి. అందుకే రేపు శాంపిల్ పెట్టెలు జనం ముందు తెరవాలని ఆర్డరు తెచ్చాను. గనుల ఆఫీసరు నా మీద పళ్ళు నూరుతున్నాడు."

పోలరాజు అప్పటికే కొన్నాళ్ళుగా ఖలాసీ వేషంలో, ఆ కొండని తొలిచి శాంపిళ్ళు తీసే ఆమోసు అనే డ్రిల్లర్ జట్టులో ఉన్నాడు. క్రోల్ ఆఫీసులో డిపార్ట్‌మెంట్ ఏజెంటు మిస్ కస్తూరి. ఆమె నవ్విందంటే కదలని ఫైలు లేదు. కోడ్‌వర్డ్ చెప్పి మరీ కబురిచ్చింది: "సాయంత్రం టాటానగర్ స్టేషన్లో పెట్టె మారుస్తారు."

పోలరాజు స్టేషన్లో కాళ్ళు పీకేదాకా నిలబడ్డాడు. పురుగు కూడా రాలేదు. కస్తూరి క్రోల్‌కి అమ్ముడుపోయి తనని కావాలనే అటు పంపిందని అప్పటికి వెలిగింది. ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు సీతారామ్‌డేరా మైదానం. పెట్టెల లక్కముద్రలు చెక్కుచెదరలేదు. ఆఫీసరు ఆమోసు జట్టు పెట్టె తెరిచి రాయి పైకెత్తాడు.

"ఉత్త బండ. దీనికి క్రోల్ గారు తప్ప ఇంకెవరూ రారు. సంతకాలు కానిద్దాం."

క్రోల్ పెన్ను తీశాడు. పోలరాజు చూపు పెట్టె మూత మీద ఆగింది. కుంకుమ బొట్టు.

"ఆమోసు మావా, మన పెట్టెకి బొట్టెవులెట్టినారు?"

ముసలి డ్రిల్లర్ మొహం చిట్లించాడు. "మనోల్లెవులూ ఎట్రు. మేం చర్చికెల్లే వోల్లం గదేటి. ప్రార్థన సేసి డ్రిల్లు మిషన్ దించుతాం."

మిగతా కొండల మీది జట్లు పూజ చేసి బొట్టు పెడతాయి. వాటిని చూసి నకలు కొట్టారు క్రోల్ ముఠా వెధవలు. తెలుగు కూలీలంతా ఒకటే అనుకున్నారు.

"సంతకం ఆపండి. పెట్టె మారింది," అన్నాడు పోలరాజు.

క్రోల్ పక్కనే నిలబడ్డ కస్తూరి లిప్‌స్టిక్ తీసింది. అది పిస్టలు. పోలరాజు సిగరెట్ లైటర్ నొక్కాడు. ఘాటైన పొగ ఆమె కళ్ళలోకి చిమ్మింది, గుండు గాల్లోకి పోయింది. పారిపోబోయిన క్రోల్‌ని ఖలాసీలు మట్టి కరిపించారు. అతని జీపులో అసలు పెట్టె దొరికింది. దొంగ ముద్రా, జోజి నెత్తురంటిన కత్తీ దాని పక్కనే ఉన్నాయి.

ఆఫీసరు చెమట తుడుచుకున్నాడు. "ఇంతమందిలో నా పరువు తీశారు. నా గదిలో తెరిచి ఉంటే ఈ గోల ఉండేదా?"

"ఉండేది కాదు సార్," పోలరాజు లైటర్ జేబులో వేసుకున్నాడు. "మీ పరువు మిగిలేది. కొండే పోయేది."