సోడాబుడ్డిగాడి మంచుబండి

ఏమోయ్, నిన్నే! ఫోటో అనగానే కళ్ళద్దాలు పీకి జేబులో దోపుకుని, కెమెరా ఎటుందో తెలియక గోడకేసి నవ్వే కుర్రాడా! ఇలా రా, కూర్చో. కుర్చీ నీ ఎడమ పక్కన ఉంది, తడుముకోకు. ఇది నీలాంటి అందగాడి కథే.

వాడి పేరు నిశాంత్. పార్సిప్పనీలో కన్సల్టెంటు. ఏం కన్సల్ట్ చేస్తాడో వాడికీ తెలియదు, డబ్బులిచ్చే కంపెనీకీ తెలియదు. కళ్ళు మైనస్ ఏడు. అద్దాలు తీస్తే ఎదురుగా నిలబడింది మనిషో, కోటు తగిలించిన స్టాండో చెప్పలేడు.

వాడుండే అపార్ట్‌మెంట్లలోనే కింద వాటాలో రాజారావు ఉంటాడు. ఇండియన్ స్టోర్‌లో కూరగాయల సెక్షన్ ఆయనదే. చదువు పదో తరగతి దగ్గర ఆగింది, వెటకారం మాత్రం ఎక్కడా ఆగలేదు. కొత్తగా చదువుకోవడానికొచ్చిన పిల్లాడికి కాకరకాయ చూపించి, "ఇది అమెరికా దోసకాయ బాబూ, పచ్చిది కొరుక్కుని తినాలి" అని నమ్మబలికిన మహానుభావుడు. ఆ పిల్లాడు ఇప్పటికీ ఆ స్టోర్ వైపు రాడు.

ఆయన భార్య కృష్ణవేణి. ఇన్నేళ్ళుగా ఆయన జోకులన్నిటికీ మొదటి బలిపశువు.

కిందటి చలికాలం ఒకరోజు రాజారావు ఒక తెలుగు హోటల్‌లో బిర్యానీ తింటుంటే నిశాంత్ బయటి మంచులోంచి లోపలికి వచ్చాడు. తలకి టోపీ, మూతికి మఫ్లర్. వెచ్చటి గాలి తగలగానే అద్దాలు తెల్లగా ఆవిరి పట్టేశాయి. వాటిని తుడుచుకోవచ్చుగా? అబ్బే. తిన్నగా వెళ్ళి, తన స్నేహితుడే కూర్చున్నాడనుకుని ఒక టేబుల్ దగ్గర కూలబడి, "ఒరేయ్ సాయీ, బిర్యానీ చెప్పావా?" అన్నాడు.

"చెప్పాను," అంది ఎదురుగా ఉన్న అమ్మాయి. "కానీ నువ్వు ఎవరు?"

"ఓరి సోడాబుడ్డీ!" అని రాజారావు పక్క టేబుల్ నుంచి అరిచాడు. హోటలంతా నవ్వింది. ఆ అమ్మాయి అందరికంటే గట్టిగా నవ్వింది. నిశాంత్ అద్దాలు తుడుచుకునేలోపు ఆమె పార్సిల్ తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయి దేదీప్య. న్యూజెర్సీలోనే పుట్టింది. తెలుగు మాట్లాడితే ప్రతి మాటా కాస్త చూయింగ్ గమ్ నమిలినట్టుంటుంది.

మర్నాడే మనవాడు కాంటాక్ట్ లెన్సులు కొనేశాడు. తర్వాత తెలుగు అసోసియేషన్ పిక్నిక్‌లో ఆ నవ్వు విని గుర్తుపట్టి, ఆమెకి కొత్త మనిషిలా పరిచయమయ్యాడు. కాఫీలు తాగారు, వాకింగులు చేశారు, తెగ నవ్వుకున్నారు. ఇంత జరిగినా ఒక్క మాట పైకి రాదు! "ఆ రోజు సోడాబుడ్డి నేనేనని తెలిస్తే నా ముఖం చూస్తుందా అంకుల్?" అని రాజారావు దగ్గర వాపోయేవాడు. ఈ లోకంలో రహస్యం చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి మనిషి దొరకలేదు పాపం.

ఇంతలో దేదీప్యకి సన్నీవేల్‌లో ఉద్యోగం వచ్చింది. చేరుతుందో లేదో సోమవారం చెప్పేయాలి. ఆ ముందు శనివారమే అందరూ కలిసి వెర్మాంట్‌లో స్నోమొబైల్ ట్రిప్, అంటే మంచు మీద జారే మోటారు బండ్ల సవారీ. చెబితే అక్కడే చెప్పాలి, లేకపోతే అమ్మాయి దేశం ఆ చివరికి ఎగిరిపోతుంది.

తెల్లారకుండా బయల్దేరారు. కృష్ణవేణి డ్రైవింగ్. ఒళ్ళో పులిహోర ట్రే పెట్టుకుని రాజారావు వెనక్కి తిరిగాడు. వెనక దేదీప్య కళ్ళు మూసుకుని పడుకుంది.

"అబ్బాయ్, లెన్సులు పెట్టుకునే వచ్చావా?" అన్నాడు గుసగుసగా.

"అవును అంకుల్."

"కొంప ముంచావు కదరా! మా స్టోర్‌కి వచ్చే ఒకాయనకి అక్కడే, మంచుబండి మీద, లెన్సు గడ్డకట్టి కంటికి అతుక్కుపోయింది. హెయిర్ డ్రయ్యర్ పెట్టి ఊడదీశారు. సగమే వచ్చింది."

"సగం... లెన్సా?"

"ఏది సగమో నేనడగలేదు. మర్యాదగా ఉండదు కదా."

నిశాంత్ ముఖం పాలిపోయింది. పోనీ కళ్ళద్దాలు పెట్టుకోవచ్చుగా? బ్యాగ్‌లోనే ఉన్నాయి. కానీ పక్కన అమ్మాయి ఉందే! కన్ను పోయినా ఫరవాలేదు గానీ పరువు పోకూడదు. చదువుకున్నవాళ్ళ తెలివి ఇలాగే ఏడుస్తుంది.

గ్యాస్ స్టేషన్‌లో ఆగగానే వాడు బాత్రూమ్‌లోకి పరిగెత్తి లెన్సులు తీసేశాడు. రాజారావు కాఫీ పట్టుకుని అద్దం కిటికీ దగ్గర బాల్కనీ టికెట్ కొన్నవాడిలా నిలబడ్డాడు. నిశాంత్ బయటికొచ్చి, తిన్నగా నడిచి, ఎవరిదో పికప్ ట్రక్కు తలుపు లాగాడు. లోపలి కుక్క మొరిగింది. రాజారావు నవ్వుకి సగం కాఫీ చొక్కా మీదే పడింది.

దేదీప్య కారు దిగి వాడి చొక్కా చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కుపోయింది. టైర్లకి గాలి కొట్టే మిషన్ దగ్గర చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆమె చేతులు ఊపుతోంది. వాడు తల దించుకున్నాడు. తర్వాత కృష్ణవేణి కూడా అటు వెళ్ళింది. ముగ్గురూ ఒకసారి కిటికీ వైపు చూశారు.

"ఏంటే గొడవ?" అన్నాడు రాజారావు కార్లో కూర్చుంటూ.

"ఏం లేదండీ. పులిహోర ఎలా చేస్తారని అడుగుతోంది."

"గాలి మిషన్ దగ్గరా?"

"ఆకలి ఎక్కడైనా వేస్తుంది," అంది కృష్ణవేణి బండి స్టార్ట్ చేస్తూ.

మంచుబండ్లు అద్దెకిచ్చే చోట గైడ్ ఒక పొడుగాటి తెల్లావిడ. అందరికీ ఒకేలాంటి నల్లటి సూట్లు, గుమ్మడికాయలంత హెల్మెట్లు ఇచ్చింది. అవి వేసుకుంటే కట్టుకున్న పెళ్ళాన్ని కూడా గుర్తుపట్టలేం. గుర్తు కోసం ముందు బండి నడిపేవాళ్ళకి మాత్రం ఆరెంజ్ జాకెట్. అది దేదీప్యకి వచ్చింది.

"కళ్ళద్దాలున్నవాళ్ళెవరు?" అని అడిగింది గైడ్. ముక్కు దగ్గర రబ్బరు మాస్క్ ఉంటుందట. ఊపిరి కిందికి పోవాలట. అది పైకి ఎగదన్నితే అద్దాల మీద ఆవిరి, ఆ ఆవిరి మీద మంచు. అందుకని అద్దాలవాళ్ళకి వైరు పెట్టి వేడెక్కించే హెల్మెట్ ఉందట, బండికి గుచ్చుకుంటే చాలట.

"నాకు పర్ఫెక్ట్ విజన్, మేడమ్!" అన్నాడు నిశాంత్ ఛాతీ విరుచుకుని.

అన్నది గైడ్‌తో కాదు. మూలన నిలబెట్టిన గడ్డి కూరిన ఎలుగుబంటితో.

రాజారావుకి స్వర్గం కనిపించింది. దేదీప్య గైడ్‌ని పక్కకి పిలిచి ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పింది. గైడ్ రాజారావు వైపు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వాళ్ళ ఇంగ్లీషు అంత స్పీడ్‌గా ఉంటే ఆయనకెక్కడ అందుతుంది?

"మీకు వేడి హెల్మెట్ కావాలా సార్?" అంది గైడ్. రాజారావుకీ కళ్ళద్దాలున్నాయి మరి. దూరానికీ దగ్గరకీ కలిపి ఒకే జత.

"నెత్తికి కరెంటు కనెక్షనా? నేనేమన్నా గ్రైండర్‌నా? నో నీడ్!"

"పోనీ ఇదన్నా పెట్టుకోండి, జలుబు చేస్తుంది," అంటూ కృష్ణవేణి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి మంకీ క్యాప్ తీసింది. చేత్తో అల్లింది, ముదురు గోధుమరంగు. దాన్ని ముక్కు మీదిదాకా లాగి, పైన హెల్మెట్ బిగించింది. రబ్బరు మాస్క్ వెళ్ళి గడ్డం మీద కూర్చుంది.

అడవిలో దారి బాగుందట. దేదీప్య వెనక నిశాంత్ కూర్చున్నాడు, రాజారావు కృష్ణవేణి వెనక. మంచు కప్పిన చెట్లట, గడ్డకట్టిన వాగట, దూరాన జింకట. ఇవన్నీ రాజారావు తర్వాత విన్నవే. బండి కదిలిన కాసేపటికే ఆయన అద్దాల మీద ఆవిరి పేరుకుంది, ఆ ఆవిరి గట్టిపడి మంచు బిళ్ళయింది. ముందున్న కృష్ణవేణి కూడా ఒక నల్లమబ్బే.

అయినా తగ్గాడా? తగ్గితే రాజారావెందుకవుతాడు! 'నాకే కనపడట్లేదు, ఆ సోడాబుడ్డి వెధవకి ఇంకేం కనపడుతుంది' అనుకుని లోపల్లోపలే కులికిపోయాడు. ఆ కులుకులోంచే ఒక ఆలోచన పుట్టింది.

చెక్క వంతెన దగ్గర హాట్ చాక్లెట్‌కి ఆగారు. రాజారావు తడుముకుంటూ ఆరెంజ్ రంగు వైపు నడిచాడు.

"అమ్మా దేదీప్యా, నీ జాకెట్ ఒక్క నిమిషం ఇస్తావా? మీ ఆంటీని ఆట పట్టిస్తా."

"ష్యూర్ అంకుల్," అంది దేదీప్య. అడగ్గానే ఇచ్చేసింది. అక్కడైనా అనుమానం రావాలా వద్దా?

జాకెట్ తొడుక్కుని ఆయన వంతెన పక్కన ఒంటరిగా, వయ్యారంగా నిలబడ్డాడు. బక్కపల్చటి మనిషి, ఎత్తు కూడా అమ్మాయంతే. బూట్ల కింద మంచు కరకరలాడుతూ ఎవరో వచ్చారు. నల్లటి పెద్ద ఆకారం ఆగింది.

"దేదీప్యా, నీకో మాట చెప్పాలి."

నిశాంత్ గొంతు! రాజారావు పెదవి కొరుక్కుని తల ఊపాడు.

"నేను ఒకటి దాచాను. ఆ రోజు నీ టేబుల్ దగ్గర కూర్చుని బిర్యానీ అడిగిన సోడాబుడ్డిగాణ్ణి నేనే. నువ్వు నవ్వావు. ఆ నవ్వు చూద్దామని అద్దాలు తుడుచుకునేలోపు వెళ్ళిపోయావు. అప్పట్నుంచి నీ కంటికి బాగా కనపడాలన్న గొడవలో పడి, నా కంటికి ఏం కనపడుతోందో పట్టించుకోలేదు. నువ్వు సన్నీవేల్ వెళ్తే వెళ్ళు, నేను ఆపను. కానీ ఒక్కసారి నా సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని నిన్ను సరిగ్గా చూడనివ్వు. ఆ తర్వాత వెళ్ళు."

రాజారావు హెల్మెట్ ఊడబీకబోయిన చెయ్యి కిందికి దించేశాడు. ఎప్పుడో పెళ్ళిచూపుల్లో తల దించుకుని, కృష్ణవేణి కాలివేళ్ళు మాత్రమే చూసి వచ్చిన సంగతి గుర్తొచ్చింది. లోపల ఏదో మెత్తబడింది. నిజంగానే, ఒక్క క్షణం.

ఆ క్షణం అయిపోగానే పాత రాజారావు లేచి కూర్చున్నాడు. గొంతు సన్నం చేసి, "నాకూ నువ్వంటే చాలా ఇష్టం నిశాంత్!" అంటూ వాడి చెయ్యి పట్టుకున్నాడు. ఆపైన పగలబడి నవ్వుతూ హెల్మెట్ ఊడబీకాడు. "నేనురా! సోడాబుడ్డీ, నేను! మీ రాజారావు అంకుల్‌కి ఐ లవ్యూ చెప్పావు కదరా!"

"తెలుసు అంకుల్," అన్నాడు నిశాంత్.

రాజారావు అద్దాలు తీసి జాకెట్ అంచుతో రుద్ది పెట్టుకున్నాడు. ఎదురుగా నిశాంత్. వాడి హెల్మెట్ అద్దానికి వేలాడుతున్న వైరు. లోపల, ముక్కు మీద, సోడాబుడ్డి కళ్ళద్దాలు నిగనిగలాడుతున్నాయి. పక్కనే వాడి మోచెయ్యి పట్టుకుని దేదీప్య.

"నీకు... కనపడుతోందా?"

"పొద్దుట్నుంచీ కనపడుతోంది అంకుల్. గ్యాస్ స్టేషన్‌లోనే ఈమె మళ్ళీ లెన్సులు పెట్టించింది. షాప్‌లో మీ ముందు కనపడనట్టు నటించాను. ఈ అద్దాలూ, గైడ్ తెచ్చిన వేడి హెల్మెట్టూ పెట్టుకుంది ఇక్కడ ఆగాక, మీ అద్దాల మీద మంచు పట్టాకే."

"లెన్స్ ఫ్రీజ్ అవదు అంకుల్," అంది దేదీప్య. "కన్నులో టియర్స్ వార్మ్ కదా. కార్లో నేను నిద్రపోలేదు, మొత్తం విన్నాను. అండ్ సోడాబుడ్డి ఇతనే అని నాకు ఫస్ట్ డే నుంచి తెలుసు. ఆ వాయిస్ ఎవరు మర్చిపోతారు?"

"మరి ఇప్పుడు చెప్పిందంతా?"

"పొద్దున గాలి మిషన్ దగ్గర ఆల్రెడీ చెప్పేశాడు. కానీ అప్పుడు ఇంత బాగా చెప్పలేదు. థాంక్స్ అంకుల్, మీ వల్ల సెకండ్ టైమ్ విన్నాను."

"ఎలుగుబంటితో మాట్లాడింది కూడా యాక్టింగేనా?"

"అది కొంచెం ఓవర్ అయింది అంకుల్," అన్నాడు నిశాంత్ సిగ్గుపడుతూ.

రాజారావు దగ్గర ఇంకో బాణం మిగిలి ఉంది. "సంబరపడండి. సోమవారం సరే అనేసి ఈ అమ్మాయి సన్నీవేల్ వెళ్ళిపోతుందిగా!"

"వెళ్తాను. ఇతను కూడా వస్తున్నాడు, అక్కడ ప్రాజెక్ట్ వెతుక్కుంటాడు," అంది దేదీప్య. "అక్కడ స్నో ఉండదు. ఇతని గ్లాసెస్ ఫాగ్ అవవు. ఎప్పుడూ నన్నే చూస్తాడు."

నిశాంత్ ఆమెనే చూస్తున్నాడు. కళ్ళద్దాలతో, నోరు తెరుచుకుని. అందంగా ఉన్నాడని అబద్ధమాడను, కానీ ఆమెకి అలాగే నచ్చినట్టుంది.

ఓడిపోయిన మొఖం పెట్టి రాజారావు చుట్టూ చూశాడు. వంతెన రెయిలింగ్‌కి ఆనుకుని, ఫోన్ పైకెత్తి, అంతా వీడియో తీస్తోంది కృష్ణవేణి. నవ్వు ఆపుకోలేక ఊగిపోతోంది.

"నువ్వు కూడానా! నువ్వన్నా ఒక మాట చెప్పాలిగా! ఈ అద్దాల మీద మంచు పట్టకపోయుంటే వీళ్ళ ఆటలు సాగేవా?"

కృష్ణవేణి ఫోన్ బ్యాగ్‌లో వేసుకుని, దగ్గరికొచ్చి, ఆయన ముక్కు మీదినుంచి జారిపోతున్న మంకీ క్యాప్‌ని మళ్ళీ ప్రేమగా పైకి లాగింది.

"ఏవండీ, ఇది మీకు చలికని పెట్టాననుకున్నారా?"